గేటు దాటిన చొక్కా

"ఏమే, ఇది దొరసాని బుట్టలోకి ఎలా వచ్చింది?"

అత్త పెరటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె చేతిలో బూజుకర్ర, కర్ర చివర నీలం గళ్ళ చొక్కా.

కోడలు కుట్టుమిషను మీద నుంచి తలెత్తి చూసింది. పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ చొక్కా ఎవరిదో ఆమెకు వేరే చెప్పాలా? గుడ్డ ఎంచిందీ ఆమే, కుట్టిందీ ఆమే. కోళ్ళఫారం తాళాలు ఎక్కడపడితే అక్కడ పారేసుకునే మనిషని, ఎడమ జేబు లోపల ఇంకో చిన్న జేబు కూడా పెట్టింది.

"మా ఆయనది అత్తయ్యా."

"నీ మొగుడిదని నాకు తెలీదా? వాణ్ణి కన్నదాన్నే నేను! షెడ్డులో వేసుకునే చొక్కా ఫారం గేటు దాటి ఇంటికెలా వచ్చిందని అడుగుతున్నా. దానికేమైనా కాళ్ళొచ్చాయా?"

"దొరసాని మేత తిందా?" అంది కోడలు, మాట మార్చడానికి.

"ఇంకేం మేత? చచ్చిపోయింది."

మిషను చక్రం తన ఊపున తాను ఇంకో రెండు చుట్లు తిరిగి ఆగింది.

దొరసాని అంటే అత్త పెంచుకున్న తెల్లకోడి. పెరట్లో ఉన్న కోళ్ళన్నిటి మీదా దానిదే పెత్తనం. మనుషుల మీద కూడా దానిదే అనుకోండి. కోడలు కాపరానికొచ్చిన కొత్తలో పెరట్లోకి అడుగుపెడితే చాలు, వెంటపడి మరీ పొడిచేది. అలాంటిది నిన్నటి నుంచి తల వాల్చేసి, తురాయి నల్లబడి, బుట్టలోంచి లేవలేదు. ఎండదెబ్బ అంది అత్త. కోడలు అవునంది. కాదని ఇద్దరికీ తెలుసు.

ఎందుకంటే ఊరి చివర వాళ్ళ కోళ్ళఫారంలో నిన్న పొద్దున్నే కోళ్ళు గుట్టలుగా రాలిపోయాయి. పరీక్షకు పంపారు. ఫలితం ఇవాళ రావాలి.

మడుగులో వలసబాతులు చచ్చి తేలినప్పటి నుంచీ ఆయన ఫారంలోనే మకాం. షెడ్డులో తిరిగేవాడు ఇంటికి రాకూడదు, ఇంట్లో పెరటికోళ్ళతో తిరిగేవాళ్ళు ఫారంలోకి రాకూడదు. ఆ కట్టడి ఎవరో పెట్టింది కాదు, ఆయనే పెట్టాడు. 'బట్టలు, చెప్పులు, గుడ్ల ట్రేలు ఈ గేటు దాటవు' అని ఎర్రరంగుతో గేటు మీద తనే రాశాడు. వీధిలో ఇంటింటికీ తిరిగి మరీ చెప్పాడు. "పిట్ట రెట్ట చెప్పుకి అంటుకుని వస్తుందండీ రోగం. చెప్పులే దాని బండి," అనేవాడు. చాదస్తమని వెనకాల నవ్వినవాళ్ళు కూడా ఆయన ముందు తలూపారు.

రోజూ కోడలు కారియరు పట్టుకెళ్ళి గేటు బయట రాతిబల్ల మీద పెట్టి వెనక్కి జరిగేది. అప్పుడు ఆయన వచ్చి తీసుకునేవాడు. ఆ దూరం నుంచి, వెనకాల అన్ని కోళ్ళ గోలలో, ఏం మాట్లాడుకున్నా కేకవేసి మాట్లాడుకోవాల్సిందే. ఫోనులోనూ అదే గోల. పప్పులు నిండుకున్నాయనీ, పిల్లకి పన్ను కదులుతోందనీ కేకవేసి చెప్పొచ్చు. నువ్వు లేకపోతే ఇంట్లో కాలు నిలవడం లేదని కేకవేసి చెప్పుకుంటారా ఎవరైనా? చెప్పుకోలేక ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ నిలబడేవాళ్ళు. ఆయన తిన్నాననేవాడు, ఆమె సరేననేది.

ఆ మధ్య ఒకరోజు అత్త పక్కబట్టలన్నీ ఉతికేసింది. ఆ రాత్రి ఆయన దిండు మీద తలపెడితే సబ్బు వాసన తప్ప ఇంకేం లేదు. కోడలికి ఏడుపొచ్చింది. మర్నాడు కారియరు తీసుకెళ్తే, బట్టలు ఉడకబెట్టే డ్రమ్ము పక్కన తీగ మీద విడిచిన చొక్కా కనబడింది. ఆయన అటు తిరిగి నీళ్ళు పడుతున్నాడు. గేటు సందులోంచి చెయ్యి పెట్టి లాగి సంచిలో కుక్కేసింది. అప్పుడు ఆమెకు రోగం గుర్తు రాలేదు, గేటు మీద రాత గుర్తు రాలేదు. ఆ చొక్కా దిండు కింద పెట్టుకుని హాయిగా నిద్రపోయింది.

మొన్న చూస్తే దిండు కింద చొక్కా లేదు. అత్తే తీసి ఉంటుందనుకుంది. గుమ్మడికాయల దొంగ కదా, భుజాలు తడుముకుంటూ నోరు మూసుకుంది.

"నేనే పెట్టా!"

గుమ్మం పక్క నుంచి బుడంకాయ తల దూర్చింది. పిల్లకి ఆ ముద్దుపేరు పోయిన తాత పెట్టాడు. గుండ్రంగా, పొట్టిగా ఉంటుందని. దాని నోట్లో నువ్వుగింజ నానదు.

"దొరసాని గుడ్లు పెడుతుందిగా, మెత్తగా ఉంటుందని పెట్టా. అమ్మ దిండు కింద నాన్న చొక్కా ఉంది నానమ్మా. అమ్మ రోజూ దాన్ని వాసన చూస్తుంది."

కోడలికి నేల చీలిపోతే బాగుండుననిపించింది.

అత్త కర్ర కిందికి దించింది. "ఓసి నీ వలపు తగలెయ్యా! ఎంత పని చేశావే! మొగుడు నీకొక్కదానికే ఉన్నాడా? వాణ్ణి చూడక నాకు మాత్రం బెంగ లేదా? నేనేమైనా వాడి లుంగీ ఎత్తుకొచ్చానా?"

"తప్పయిపోయింది అత్తయ్యా."

"తప్పయితే తిరిగొస్తుందా దొరసాని? నిన్న పొద్దున్న కూడా నా చేత్తోనే నీళ్ళు తాగించాను." అత్త ఏడ్చే మనిషి కాదు, తిట్టే మనిషి. "సరే, అయిందేదో అయింది. గునపం ఎక్కడుందో చూడు. పెరట్లో గొయ్యి తీసి దీన్నీ, ఈ చొక్కానీ పాతేద్దాం. మూడో కంటివాడికి తెలియకూడదు."

"అలా చేయకూడదత్తయ్యా. చచ్చిన కోడిని ముట్టుకోవద్దనీ, డాక్టరమ్మకి చెప్పాలనీ ఆయన ఎన్నిసార్లు చెప్పారు?"

"చెప్తే ఏమవుతుందో తెలుసా? మన కోళ్ళతో ఆగుతుందా? ఈ వీధిలో ఉన్న కోళ్ళన్నిటినీ చంపి పాతేస్తారు. పక్కింటావిడ పుంజుని కొడుకులా పెంచుకుంటోంది. రేపు ఆవిడ మన మొహాన ఉమ్మెయ్యదూ? అందరికీ సుద్దులు చెప్పినాయన ఇంట్లోంచే రోగం వచ్చిందంటే వాడు తలెత్తుకు తిరగగలడా? ఇంటి గుట్టు లంకకి చేటు. నోరెత్తకు."

"దొరసానిని ఎవరెవరు ముట్టుకున్నారు అత్తయ్యా?"

అత్త తన చేతుల వైపు చూసుకుంది.

"నేను ముట్టుకున్నా," అంది బుడంకాయ. "నిన్న ఒళ్ళో పడుకోబెట్టుకున్నా. ముద్దు కూడా పెట్టా. దాని ముక్కులోంచి నీళ్ళు కారాయి. తుడిచా."

"దేంతో తుడిచావే?" అంది కోడలు.

"చేత్తో."

కోడలు పిల్లని రెక్కపట్టుకుని కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి సబ్బు పెట్టి మోచేతుల దాకా తోమింది. నిన్నటి చేతుల్ని ఇవాళ తోముతోంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనని తెలిసినా ఆపలేకపోయింది. గట్టిగా తోముతోందని పిల్ల మొరాయించింది.

"నొప్పే! నాన్నయితే ఇలా తోమడు. నాన్న మళ్ళీ ఎప్పుడొస్తాడు?"

"మళ్ళీ ఏమిటే? నాన్న ఫారంలో ఉన్నాడుగా."

"మొన్న వచ్చాడుగా!"

"కలగన్నావు."

"కల కాదు. మీరిద్దరూ మధ్యాహ్నం పడుకున్నారు. నాకు నిద్ర రాలేదు. నాన్న పెరటి కిటికీలోంచి చూశాడు. నేను అరవబోతే ష్ అన్నాడు. అమ్మ బాగుందా అని అడిగాడు. నిద్రపోతోంది అన్నా. చాలాసేపు నిన్నే చూశాడమ్మా. లోపలికి రమ్మంటే రాకూడదు అన్నాడు. కళ్ళు ఇంత ఎర్రగా ఉన్నాయి. ఏడ్చాడు."

కోడలి చేతిలోంచి సబ్బు జారిపోయింది.

లేచి కిటికీ కిందికి వెళ్ళింది. అక్కడ కోళ్ళు నీళ్ళు తాగే మట్టిపళ్ళెం ఉంటుంది, ఎప్పుడూ తడి ఉంటుంది. ఆ తడిమన్ను మీద అడ్డగీతల బూటు అచ్చు రెండు పాదాలదీ లోతుగా పడి ఉంది. ఇంట్లో అలాంటి బూట్లు ఎవరికీ లేవు. అవి షెడ్డు బూట్లు.

అత్త కూడా వచ్చి చూసింది. చూసి అక్కడే గోడకు చేరబడి కూర్చుండిపోయింది.

"వీడా? ఎవరు తప్పినా వీడు తప్పడనుకున్నానే! కంచే చేను మేసిందన్నమాట," అంది, సగం కొడుకుని తిడుతూ, సగం తనలో తాను.

కోడలికి భయం వెయ్యాలి. వేసింది కూడా. కానీ నిజం చెప్పాలంటే, ఆ భయం కన్నా ముందు ఇంకొకటి వచ్చింది. ఆయన వచ్చాడు. తను నోరు తెరుచుకుని, జుట్టు రేగిపోయి, మిషను నూనె మరకల చీరలో పడుకుని ఉంటే చాలాసేపు చూశాడు. చూసి ఏడ్చాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన కంట తడి ఆమె ఎరగదు. గేటు అవతల నిలబడి 'తిన్నాను, సరే' తప్ప ఇంకో మాట అనని మనిషి! చచ్చిన కోడి పది అడుగుల దూరంలో ఉండగా, పిల్ల చేతుల నురగ ఇంకా తన చీర మీద ఉండగా, ఆమె ఒళ్ళు ఒక్కసారి ఝల్లుమంది. వెంటనే తన మీద తనకే అసహ్యం వేసింది.

వీధి గేటు చప్పుడైంది.

"ఎవరమ్మా ఇంట్లో? నేను, పశువుల డాక్టర్ని."

అత్త కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "వాడి సంగతి మాత్రం ఎత్తకు. నీకు దణ్ణం పెడతాను," అంది గుసగుసగా. ఇంతసేపూ తిట్టిన మనిషి దణ్ణమంటోంది.

ముగ్గురూ వీధి వాకిట్లోకి వచ్చారు. డాక్టరమ్మ గేటు దగ్గరే ఆగింది. ముఖానికి మాస్కు, చేతులకు తొడుగులు, కాళ్ళకు సంచుల్లాంటివి కట్టుకుని ఉంది.

"దగ్గరికి రాకండి, అక్కడే ఉండి వినండి. ఫారం ఫలితం వచ్చింది. అదేనమ్మా, బర్డ్ ఫ్లూ. ఫారంలో మిగిలిన కోళ్ళని పొద్దుటి నుంచీ చంపేస్తున్నారు. చుట్టుపక్కల ఇళ్ళన్నీ అడుగుతున్నాను. మీ పెరట్లో కోళ్ళు ఎలా ఉన్నాయి?"

అత్త నేల చూపులు చూసింది. కోడలు పిల్ల వైపు చూసింది. పిల్ల ఆమె కుచ్చిళ్ళు పట్టుకుని ఉంది. తడిచేతులు ఇంకా చల్లగా ఉన్నాయి.

"ఒక కోడి చచ్చిపోయింది డాక్టరమ్మా. ఇప్పుడే చూశాం. మా పిల్ల నిన్న దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. మా అత్తయ్య నీళ్ళు తాగించారు. రోగం తెచ్చింది నేనే. మా ఆయన షెడ్డు చొక్కా ఇంటికి తెచ్చాను, ఆయనకి తెలియకుండా. అది కోడి బుట్టలోకి చేరింది."

"చొక్కా ఎందుకు తెచ్చారమ్మా?"

కోడలు తల దించుకుంది. డాక్టరమ్మ కూడా ఆడదే. మళ్ళీ అడగలేదు.

"చొక్కా వల్లనో, ఆకాశంలో పోయే పిట్ట వల్లనో ఇప్పుడు తేల్చలేం. చెప్పారు, అదే మేలు. కోడిని కదపకండి, పాతకండి, మావాళ్ళు వచ్చి తీసుకెళ్తారు. ఇంతకీ ఫారం నుంచి ఇంకేమైనా వచ్చాయా? ట్రేలు, బూట్లు? మనుషులెవరైనా వచ్చారా?"

"లేదు," అంది కోడలు.

అబద్ధం చాలా తేలిగ్గా వచ్చేసింది. అత్త తలెత్తి కోడలి వైపు చూసింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అలా చూడలేదు. తప్పంతా నెత్తిన వేసుకుని తన కొడుకుని కాసుకుందని ముసలామెకు అర్థమైంది. కోడలి భుజం మీద చెయ్యి వెయ్యబోయి, ఆ చెయ్యి కోడిని ముట్టుకున్నదని గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది.

"భయపడకండి," అంది డాక్టరమ్మ. "ఇది మనుషులకి అంత సులువుగా అంటదు. అంటితే మాత్రం తేలిగ్గా తీసుకునేది కాదు, అందుకే ఈ జాగ్రత్తంతా. ఆస్పత్రికి ఫోన్ చేస్తాను, వాళ్ళొచ్చి మాత్రలిస్తారు. వాళ్ళు చెప్పేదాకా మీ ముగ్గురూ ఈ గేటు దాటొద్దు. పెద్దమ్మగారూ, మీరు కూడా. ఎవరికి ఏమాత్రం తేడా ఉన్నా వెంటనే చెప్పాలి. జ్వరం, దగ్గు, గొంతునొప్పి, ఆయాసం. కళ్ళు ఎర్రబడినా సరే, దుమ్ము పడిందని ఊరుకోవద్దు. చాలామందికి ముందు కళ్ళకే వస్తుంది."

తర్వాత డాక్టరమ్మ ఏం చెప్పిందో కోడలికి వినబడలేదు.

పొద్దున ఫోన్లో ఆయన గొంతు బొంగురుగా ఉంది. ఏమైందంటే సున్నం చల్లాను, గొంతు పట్టేసిందన్నాడు. ఆమె సరేనంది.

"మా ఆయన్ని చూశారా మీరు?"

"పొద్దున కలిశాను. ముఖానికి మాస్కు, కళ్ళకి అద్దాలు. బాగానే ఉన్నానన్నాడు. ఏం?"

కోడలు పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఇందాక ఏ మాట విని ఒళ్ళు ఝల్లుమందో, ఇప్పుడా మాట కోసమే పిల్ల మొహంలోకి చూసింది.

"బుడంకాయా, నాన్న ఏడ్చాడన్నావు కదూ?"

"ఊఁ."

"కన్నీళ్ళు కారాయా? నువ్వు చూశావా? నిజంగా ఏడ్చాడు కదూ? చెప్పవే నా తల్లివి కదూ!"

ఏడ్చాడనే చెప్పవే, నన్ను చూసి ఏడ్చాడనే చెప్పు. ఆ పిల్ల నోట్లోంచి ఆ ఒక్క మాట వస్తే చాలని దేవుళ్ళందరికీ మొక్కుకుంది.

బుడంకాయ ఆలోచించింది. "కారలేదు. ఊరికే నలుపుకున్నాడు. మండుతున్నాయి అన్నాడు. నీకు చెప్పొద్దన్నాడు, భయపడతావని."

కోడలు డాక్టరమ్మ వైపు తిరిగింది. ఇందాక చెప్పిన 'లేదు' గొంతులో అడ్డం పడింది.

చివరికి నోరు విప్పింది అత్త.

"డాక్టరమ్మా! మా వాడు ఇక్కడికొచ్చాడు. మొన్న మధ్యాహ్నం. వాడి బూట్ల అచ్చులు పెరటి కిటికీ కింద ఉన్నాయి. వాడి కళ్ళు మండుతున్నాయట. ఈ పిచ్చిది వాడి పరువు పోతుందని దాచింది, నేనే దాచమన్నాను. పరువు సంగతి తర్వాత చూసుకుంటాం. ముందు వాణ్ణి చూడమ్మా!"

డాక్టరమ్మ ఇంకేమీ అడగలేదు. అప్పటికే ఫోను తీసి ఎవరికో చెబుతూ జీపు వైపు నడుస్తోంది.

కోడలు తన ఫోను అందుకుంది. వేళ్ళు తడిగా ఉండి రెండుసార్లు తప్పు నొక్కింది. మూడోసారి రింగయింది. చాలాసేపు రింగయింది.

"ఊఁ, చెప్పు," అన్నాడు ఆయన.

"కళ్ళు ఎలా ఉన్నాయి?"

అవతల షెడ్డులో ఎప్పుడూ ఉండే కోళ్ళ గోల లేదు. మొదటిసారి వాళ్ళిద్దరి మధ్యా కేకవేయక్కరలేనంత నిశ్శబ్దం ఉంది.

"చెప్పేసిందా బుడంకాయ? నోట్లో నువ్వుగింజ నానదు దానికి." ఆయన నవ్వబోయాడు. "నిన్నొకసారి చూడాలనిపించిందే. రాకూడదని తెలుసు. దూరం నుంచి ఒక్కసారి చూసి..."

నవ్వు దగ్గుగా మారింది. ఒక దగ్గు, దాని మీద ఇంకోటి. ఫోను దేనిమీదో పెట్టినట్టు చప్పుడైంది. దగ్గు మాత్రం వినబడుతూనే ఉంది.

"నేను వస్తున్నానండీ!"

వీధి గేటు దాకా పరుగెత్తింది. గడియ మీద చెయ్యి వేసింది. వెనకాల నుంచి పిల్ల "అమ్మా, డాక్టరమ్మ దాటొద్దంది!" అని అరిచింది.

జీపు మలుపు తిరిగి ఫారం దారి పట్టింది. కోడలు గడియ పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. చెవి దగ్గర ఫోనులో ఆయన ఇంకా దగ్గుతున్నాడు.